సూపర్‌మ్యాన్‌గా నటుడు కుదిరాడో లేదో తేల్చుకోవడం ఎలా?

సూపర్‌మ్యాన్ సినిమా వదిలాక పార్కింగ్‌లో బండి తీసేలోపే తీర్పులు వచ్చేస్తాయి. "అచ్చం బొమ్మలోంచి దిగినట్టున్నాడ్రా" అని ఒకడంటే, "అంత సీన్ లేదు" అని ఇంకొకడు. మా మేనల్లుడిది 2013 సినిమాలో సూపర్‌మ్యాన్ వేసిన హెన్రీ కావిల్ పార్టీ, నాది 1978 సినిమాలో వేసిన క్రిస్టఫర్ రీవ్ పార్టీ. ఏళ్ల తరబడి ఇరానీ హోటల్లో చాయ్ చల్లారబెట్టుకుని అరుచుకున్నాక, చివరికి ఒక పద్ధతి పెట్టుకున్నాం.

1. ఏ కామిక్‌తో పోలుస్తున్నారో ముందే అనుకోండి

"కామిక్‌లో ఇలా లేదు" అనేవాణ్ణి "ఏ కామిక్‌లో?" అని అడగండి. సగం వాదన అక్కడే తేలిపోతుంది. జెర్రీ సీగెల్, జో షుస్టర్ 1938లో యాక్షన్ కామిక్స్ మొదటి సంచికలో తెచ్చిన సూపర్‌మ్యాన్‌కి అసలు ఎగరడమే రాదు. మైలులో ఎనిమిదో వంతు దూరం గెంతేవాడు, అంతే. సూపర్‌మ్యాన్ తానెవరో తెలియకుండా మామూలు విలేకరిలా తిరిగే వేషం క్లార్క్ కెంట్; ఆ ఉద్యోగం కూడా అప్పుడు డైలీ స్టార్ పేపర్లో. సూపర్‌మ్యాన్ బలం లాగేసే రాయి, అందరికీ తెలిసిన క్రిప్టొనైట్, 1943లో రేడియో నాటకం నుంచి వచ్చింది. 1986లో కామిక్స్ రచయిత జాన్ బర్న్ కథని మళ్లీ మొదట్నుంచి రాసినప్పుడు క్లార్క్‌లోని నంగితనం చాలావరకు పోయింది.

పాత సంచికలు చూడాలనుకుంటే ఆదివారం పొద్దున్నే హైదరాబాద్ అబిడ్స్ ఫుట్‌పాత్ మీద వెతకండి. దొరికితే అదృష్టం. అట్ట చూసి మాత్రం మోసపోవద్దు. నేనొకసారి గంటసేపు బేరమాడి తెచ్చుకున్న దాంట్లో మధ్య పేజీలే లేవు. విలన్ వచ్చాడు, పోయాడు, ఎలా పోయాడో నాకు ఈరోజుకీ తెలీదు.

2. ముందు క్లార్క్‌ని చూడండి

అసలు పరీక్ష ఇక్కడే ఉంది. కేప్ కట్టుకుని గాల్లో నిలబడితే ఎవరైనా బాగానే ఉంటారు. కళ్లజోడు పెట్టుకున్నాక ఎదురుగా ఉన్నవాళ్లు ఎందుకు గుర్తుపట్టలేదో నమ్మించడమే కష్టం.

1978 సినిమాలో క్లార్క్ తోటి విలేకరి, అతను మనసిచ్చిన లోయిస్ ఇంట్లో ఒక సన్నివేశం ఉంది. ఆమె పక్కగదిలోకి వెళ్తుంది. రీవ్ నిజం చెప్పేద్దామని కళ్లజోడు తీస్తాడు. భుజాలు వెనక్కి వెళ్తాయి, వెన్ను నిటారుగా అవుతుంది, మనిషి ఒక్కసారిగా పొడుగైనట్టనిపిస్తాడు. ధైర్యం చాలక మళ్లీ జోడు పెట్టుకోగానే మొత్తం కుదించుకుపోతుంది. అదే షర్టు, అదే కోటు. నాలుగైదుసార్లు వెనక్కి తిప్పి చూడండి.

మనకిది కొత్తేం కాదు. 1964లో వచ్చిన 'రాముడు భీముడు'లో ఎన్టీఆర్ నడక చూసే ఎవరు ఎవరో చెప్పేసిన జనం మనం. కాకపోతే అక్కడ మనుషులు ఇద్దరు. ఇక్కడ ఒకడే మనిషి, ఇంకొకడిలా నటిస్తున్నాడు. దీన్ని కాగితం మీద చూడాలంటే గ్రాంట్ మారిసన్ రాసిన 'ఆల్-స్టార్ సూపర్‌మ్యాన్' కామిక్ తిరగేయండి. ఫ్రాంక్ క్వైట్లీ గీసిన క్లార్క్ ఒంగిన భుజాలతో, వదులు కోటుతో, దేనికో ఒకదానికి తట్టుకుంటూ ఉంటాడు.

3. డబ్బింగ్‌లో చూసి మార్కులు వేయొద్దు

తెలుగు డబ్బింగ్ మీద నాకు కోపమేం లేదు, ఇంట్లో పిల్లలతో అదే చూస్తాను. కానీ రీవ్ కళ్లజోడు తీసినప్పుడు గొంతు కూడా దిగుతుంది. డబ్బింగ్‌లో మీరు వినేది వేరే కళాకారుడి గొంతు. ఆ మార్కులు ఆయనవి.

4. కాపాడేటప్పుడు కళ్లెటున్నాయో గమనించండి

ఫైట్‌లో విలన్ వైపే చూస్తున్నాడా, కింద ఉన్న జనం వైపు కూడానా? 2025 సినిమాలో సూపర్‌మ్యాన్ వేసిన డేవిడ్ కోరెన్‌స్వెట్ రాక్షస జంతువుతో కొట్లాడుతూ ఒక ఉడుతని పక్కకి తప్పిస్తాడు. థియేటర్లో కొందరు నవ్వారు. నాకైతే సూపర్‌మ్యాన్ దొరికాడనిపించింది. లోయిస్ ఇంటర్వ్యూ చేస్తుంటే కోపంతో గొంతు పెంచే చోటే కొంచెం కుర్రాడిలా అనిపించాడు. అదే నచ్చిందంటాడు మా మేనల్లుడు.

5. రచయిత తప్పు నటుడి ఖాతాలో రాయొద్దు

2013 సినిమాలో కావిల్ విలన్ జనరల్ జాడ్ మెడ విరిచాడని చాలామందికి ఇంకా కోపం. రాసింది ఆయన కాదు కదా. పైగా 1988లో బర్న్ కథలో కూడా సూపర్‌మ్యాన్ ముగ్గురు క్రిప్టాన్ గ్రహపు నేరస్తుల్ని చంపాడు. మెడ విరిచాక ఆయన పెట్టే కేక వినండి, మార్కులు దానికి వేయండి. ఆ సినిమాలో డైలీ ప్లానెట్ పత్రికలో పనిచేసే క్లార్క్ ఆఖరి సన్నివేశంలో గానీ రాడు. పరీక్ష పేపరే ఇవ్వకుండా ఫెయిల్ చేస్తే ఎలా?

6. డ్రెస్ చివర్న

ఎర్ర డ్రాయర్ ఉందా లేదా అన్నది సరదా గొడవ. కామిక్స్‌లోనే 2011లో తీసేశారు, 2018లో మళ్లీ తొడిగారు.

ఇప్పుడు కాగితం తీసుకుని క్లార్క్‌కి 5, గొంతుకి 2, కాపాడటానికి 3 మార్కులు పెట్టుకోండి. ఒకరిది ఒకరు చూడకుండా వేయండి. మొన్న వేసినప్పుడు రీవ్‌కి నేను 9 వేశాను. కాగితాలు తిప్పితే మావాడూ 9 వేశాడు. కావిల్‌కి మాత్రం వాడు 8, నేను 6. ఇంకో రెండు చాయ్ చెప్పాం.