టర్బో ఎవరికి కావాలి, ఉన్నవారు ఎలా కాపాడుకోవాలి

సాలూరులో లారీలు, ట్రాక్టర్లు బాగుచేస్తుంటాను. టర్బో ఇంజన్ మంచిదా, మామూలుదా అని అడిగేవారిని ముందు బండితో ఏం పని చేయిస్తారో చెప్పమంటాను.

మామూలు ఇంజన్ తాను పీల్చుకోగలిగినంత గాలితోనే నడుస్తుంది. టర్బోలో ఇంజన్ నుంచి బయటికి పోయే పొగ ఒక చిన్న చక్రాన్ని తిప్పితే, అదే ఇరుసు రెండో కొసన ఉన్న చక్రం గాలిని సిలిండర్లలోకి నెడుతుంది. గాలి ఎక్కువైతే డీజిలు ఎక్కువ కాల్చవచ్చు, బలం పెరుగుతుంది.

నాలుగైదు ఎకరాల దుక్కికి, ఎరువు తోలడానికి టర్బో లేని మూడు సిలిండర్ల ట్రాక్టర్ చాలు. రిపేరు ఊళ్లోనే అయిపోతుంది. మట్టిని గుల్లచేసే పెద్ద రోటవేటర్‌తో రోజంతా అద్దెకు దమ్ము చేసేవారు టర్బో తీసుకోండి. సుంకి ఘాటెక్కి ఒడిశాలోని కొరాపుట్ వెళ్లే లారీకి టర్బో ఉండాల్సిందే. అక్కడ ఎత్తు 800 మీటర్లు దాటుతుంది. పలచటి గాలికి మామూలు ఇంజన్ లోడుతో నల్లపొగ కక్కుతుంది.

టర్బో ఇరుసు నిమిషానికి లక్ష చుట్ల దాకా తిరుగుతుంది, అదీ పలుచని ఆయిల్ పొర మీద. ఘాటెక్కి టీ కొట్టు ముందు ఆపగానే తాళం తిప్పేశారనుకోండి, ఆయిల్ సరఫరా నిలిచిపోతుంది, చక్రం మాత్రం ఇంకా తిరుగుతుంటుంది. మిగిలిన ఆయిల్ ఆ వేడికి మాడి బేరింగుకు మసిలా అంటుకుంటుంది. దయచేసి రెండు మూడు నిమిషాలు ఇంజన్‌ను యాక్సిలేటర్ తొక్కకుండా స్లోలో ఉంచి ఆపండి. పొద్దున స్టార్ట్ చేశాక కూడా అర నిమిషం రేజ్ చేయకండి.

బలం తగ్గి నల్లపొగ వస్తే వెంటనే టర్బో మార్పించకండి. ముందు ఎయిర్ ఫిల్టరు, గాలి గొట్టాల క్లిప్పులు చూడండి. నీలిపొగ వస్తూ ఆయిల్ తగ్గిపోతుంటే టర్బోను అనుమానించాలి. ఇంజన్ చల్లారాక టర్బోకు గాలి వచ్చే గొట్టం ఊడదీసి ఇరుసును వేళ్లతో కదపండి. పక్కలకు రవ్వంత కదలిక మామూలే. ముందుకూ వెనక్కూ ఆడుతున్నట్టు చేతికి తెలిసినా, చక్రం రెక్కలు చుట్టూ ఉన్న గోడకు రాసుకున్న గీతలు కనిపించినా బండి కదపవద్దు. రెక్క విరిగితే ముక్కలు ఇంజన్‌లోకి పోతాయి.

మామూలు ఇంజన్‌కు బయట టర్బో బిగించమని అడిగితే నేను ఒప్పుకోను. ఆ పిస్టన్లు, సిలిండర్ల పైమూత కింద ఉండే హెడ్ గ్యాస్కెట్ అంత ఒత్తిడికి చేసినవి కావు.