మ్యాజిక్ కత్తికి రేటు కట్టేదెలా?

డంజన్స్ అండ్ డ్రాగన్స్ అనే రోల్‌ప్లేయింగ్ ఆట 3.5 ఎడిషన్‌లో మ్యాజిక్ ఆయుధం లెక్క తేలికే. బోనస్‌ను (దెబ్బకి అదనంగా కలిసే అంకెను) దానితోనే గుణించి, మళ్లీ 2,000తో గుణించాలి. ప్లస్ 1కి 2,000 బంగారు నాణేలు, ప్లస్ 2కి 8,000, ప్లస్ 3కి ఏకంగా 18,000. కత్తి ఖరీదు దీనికి అదనం: మామూలు లాంగ్‌సోర్డ్ 15 నాణేలే, కానీ మ్యాజిక్ ఎక్కాలంటే అది మాస్టర్‌వర్క్ (మేలైన పనితనంతో చేసినది) అయి ఉండాలి, దానికి ఇంకో 300, కాబట్టి ప్లస్ 1 లాంగ్‌సోర్డ్ కొట్టులో 2,315 పడుతుంది.

క్రాఫ్టింగ్ ఫీట్ (మ్యాజిక్ వస్తువులు చేయగల ప్రత్యేక నైపుణ్యం) ఉండి మీరే చేసుకుంటే మ్యాజిక్ భాగం సగానికే, అంటే 1,000కే వస్తుంది. రెండు రోజుల పని. పైగా 80 ఎక్స్‌పీ, అంటే అనుభవ పాయింట్లు, పోతుంది (డబ్బుకి ఏడవనివాళ్లు కూడా దీనికి ఏడుస్తారు).

అసలు తలనొప్పి కొత్త వస్తువులతోనే. మా టేబుల్ దగ్గర ఒకడు ట్రూ స్ట్రైక్ అనే, దెబ్బ గురి పెంచే స్పెల్ (మంత్రం) ఎప్పుడూ పనిచేసే ఉంగరం అడిగాడు. ఫార్ములా ప్రకారం స్పెల్ లెవెల్ 1, కాస్టర్ (మంత్రం వేసేవాడి) లెవెల్ 1, ఇంటూ 2,000. స్పెల్ కాసేపే ఉంటుందని నాలుగింతలు చేసినా 8,000 దాటదు, వచ్చేదేమో ప్రతి దెబ్బకీ ప్లస్ 20! అదే బోనస్‌కి కత్తి లెక్క వేస్తే 8 లక్షలు. అందుకే ముందు రూల్‌బుక్‌లో అలాంటి వస్తువు ఎంతకుందో చూడండి, ఫార్ములా సంగతి తర్వాత. వాడికి ఉంగరం ఇవ్వలేదు లెండి.