పడవెక్కే ముందు రేడియో సంగతి చూసుకోండి

హుస్సేన్ సాగర్‌లో సెయిలింగ్ నేర్చుకున్న మన హైదరాబాద్ వాళ్లు విశాఖలోనో గోవాలోనో సముద్రంలోకి వెళ్తుంటే, చేతిలో పట్టుకునే మెరైన్ రేడియోను ముందురోజు రాత్రే పూర్తిగా ఛార్జ్ చేసుకోండి.

ఒడ్డున ఉండగానే తోటి పడవతో మాట్లాడి చూడండి. అయితే 16వ ఛానల్‌లో కాదు. 156.8 మెగాహెర్ట్జ్‌లో ఉండే ఆ ఛానల్ ఆపదలకు, అవతలివాళ్లను మొదట పిలవడానికి. 70వ ఛానల్‌లో అసలు మాట్లాడకూడదు, అది డిజిటల్ సంకేతాలది.

రేడియోను సంచిలో పెట్టకండి, లైఫ్ జాకెట్‌కే తాడుతో కట్టుకోండి. పడవ తిరగబడితే సంచి చేతికందదు.

రేడియో పవర్ మామూలుగా 1 వాట్ చాలు, ఆపదలో 5 వాట్లకు మార్చండి. యాంటెన్నా నిటారుగా, వీలైనంత ఎత్తులో ఉండాలి. ఈ తరంగాలు దాదాపు చూపు మేరకే వెళ్తాయి కాబట్టి రెండు చిన్న పడవల మధ్య కొద్ది కిలోమీటర్లే అందుతుంది.

అన్నిటికన్నా ముఖ్యం: ప్రాణాపాయంలో ఏం చెప్పాలో పడవలో అందరికీ నేర్పండి. నీళ్లలో పడింది మీరే అయితే పిలవాల్సింది వాళ్లే కదా. "మేడే" మూడుసార్లు, పడవ పేరు, ఎక్కడున్నారు, ఏం జరిగింది, ఏ సాయం కావాలి, ఎంతమంది ఉన్నారు. టెన్షన్‌లో ఏదీ గుర్తుండదు, అట్టముక్క మీద రాసి పెట్టండి. చెప్పాక, మాట్లాడటానికి నొక్కి పట్టుకున్న బటన్ వదలండి, లేకపోతే జవాబు వినపడదు.

ఫోన్ సిగ్నల్ ఉంటే కోస్ట్ గార్డ్ నంబర్ 1554.