పాత కంప్యూటర్ గేముల కండిషన్: ఎక్కడ తేడా కొడుతుంది, ఏం చేయాలి

సమస్య: "మింట్" (అంటే కొత్తదానిలా ఉంది) అన్నారు. పార్సిల్ విప్పితే అట్టపెట్టె మూలలు నలిగి ఉన్నాయి.

ఇది ప్రతిసారీ మోసం కాదు. అమ్మినాయన లోపలి డిస్కులు చూసి ఆ మాట రాశాడు, మీరేమో పెట్టెను ఊహించుకున్నారు. అందుకే అమ్మినా కొన్నా పెట్టెకు ఒక గ్రేడు, లోపలి సరుకుకు ఇంకో గ్రేడు విడిగా రాయాలి. కలెక్టర్లు వాడే మోబీస్కేల్‌లో మింట్ సీల్డ్, నియర్ మింట్, వెరీ ఫైన్, ఫైన్, గుడ్, పూర్ అని మెట్లున్నాయి. "గుడ్" అనగానే మురిసిపోకండి, అది కింది నుంచి రెండోది!

సమస్య: సీల్ తీయలేదంటున్నారు, నమ్మకం కుదరడం లేదు.

అప్పట్లో అమెరికాలో కొన్ని షాపులు వాపసు వచ్చిన గేములకు మళ్లీ ప్లాస్టిక్ చుట్టి అమ్మేవి. ఇప్పుడైతే అలా ప్లాస్టిక్ చుట్టే మెషీన్ ఎవరైనా కొనుక్కోవచ్చు. ముందు షాపు ధర స్టిక్కర్ ఎక్కడుందో చూడండి. అసలు సీల్ అయితే అది ప్లాస్టిక్ పైన ఉండాలి. కింద ఉంటే అనుమానించాల్సిందే. అంచులు అరిగిపోయి, వాటి మీద ప్లాస్టిక్ మాత్రం కొత్తగా మెరుస్తున్నా అంతే. తేలకపోతే సీల్ పేరుతో అదనంగా రూపాయి కూడా పెట్టకండి.

సమస్య: "కంప్లీట్" అన్నారు కానీ ఏదో తక్కువగా ఉంది.

నాకు బాగా నచ్చిన చిక్కు ఇది. 1984లో ఇన్ఫోకామ్ అనే గేముల కంపెనీ తెచ్చిన 'ది హిచ్‌హైకర్స్ గైడ్ టు ది గెలాక్సీ' గేమునే తీసుకోండి. పెట్టెలో నల్ల అట్ట కళ్లజోడు, జేబులో చేరే నూగు పేరుతో కాస్త దూది, కంటికి కనిపించనంత చిన్న అంతరిక్ష నౌకాదళం పేరుతో ఒక ఖాళీ ప్లాస్టిక్ సంచి ఉండేవి. ఖాళీ సంచిని ఎవరు దాచుకుంటారు? నేనూ ఓసారి చెత్తబుట్ట దాకా తీసుకెళ్లి ఆగాను. కొనేముందు ఆ గేములో ఏమేం ఉండాలో జాబితా రాసుకుని, అన్నీ పరిచి తీసిన ఫొటో అడగండి. దూది మార్చారేమో అంటారా, దానికి ఆధార్ కార్డు ఉండదు కదా, వదిలేయండి.

సమస్య: స్టిక్కర్ జిగురు.

హెయిర్ డ్రయ్యర్‌తో తక్కువ వేడి పెట్టి మెల్లగా లాగండి. అట్ట పొర లేస్తోందంటే అక్కడే ఆపేయండి. చిరుగు కన్నా స్టిక్కరే నయం.

సమస్య: 5.25 అంగుళాల ఫ్లాపీ డిస్కు మీద తెల్ల చుక్కలు.

అది బూజు, తేమ వల్ల వస్తుంది. సముద్రతీర ఊళ్లలో దాచుకునేవాళ్లకు ఈ టెన్షన్ ఎక్కువ. ఆడుతుందో లేదో చూద్దామని డ్రైవులో పెడితే డిస్కును చదివే హెడ్డుకు బూజంటుకుని, తర్వాత పెట్టే డిస్కులూ పాడవుతాయి. పొడి డబ్బాలో సిలికా జెల్ పొట్లాలతో ఉంచండి. ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో శుభ్రం చేయడం చేతనైనవాళ్లకే అప్పగించండి. అప్పటిదాకా గ్రేడు పక్కన "డిస్కు పరీక్షించలేదు, బూజు ఉంది" అని రాసి అమ్మండి.