ముసురు దేశానికి సంక్రాంతి సెలవుల్లో: ఐర్లండ్ వెళ్లే ముందు చూసుకోవలసినవి

హైదరాబాదులో ఏడాదికి సుమారు 800 మిల్లీమీటర్ల వాన కురుస్తుంది. ఐర్లండ్ రాజధాని డబ్లిన్‌లోనూ దాదాపు అంతే. ఈ లెక్క చూసి మనకు తెలియని వానా అనుకుని బయలుదేరితే ఇబ్బంది పడతారు. మన వాన జూన్ నుంచి అక్టోబరు లోపు కుండపోతగా కురిసి, అమీర్‌పేట రోడ్లను ముంచి, కాసేపటికి తెరిపి ఇస్తుంది. అక్కడిది ఏడాది పొడవునా వదలని ముసురు. ఐర్లండ్ తూర్పు తీరంలో ఏడాదికి 150 దాకా తడి రోజులుంటే, పడమట కొన్ని చోట్ల 225 దాకా ఉంటాయి. చలికాలంలో దానికి సముద్రపు గాలి తోడవుతుంది.

అమ్మానాన్నలను వెంటబెట్టుకుని ఒక జనవరిలో అక్కడికి వెళ్లి వచ్చాను. అప్పటి నుంచి బంధువుల్లో ఎవరు ఆ ఊసెత్తినా నాకే ఫోను చేస్తున్నారు. వాళ్లకు చెప్పేదే ఇక్కడ రాస్తున్నాను.

ముందు తేదీల సంగతి. చలికాలమంతా గదులు చవకే అనుకోకండి. క్రిస్మస్‌కు ముందు వారం నుంచి కొత్త సంవత్సరం దాకా ధరలు పెరుగుతాయి. పైగా డిసెంబరు 25న డబ్లిన్‌లో బస్సులు, ట్రాములు, రైళ్లు ఏవీ నడవవు. విమానాశ్రయంలో విమానాలు కూడా ఉండవు. దుకాణాలు, హోటళ్లు దాదాపు అన్నీ మూతపడతాయి. పిల్లలతో, పెద్దవాళ్లతో ఆ రోజు అక్కడ ఉండవలసి వస్తే ముందురోజే పాలు, రొట్టె, బియ్యం కొని పెట్టుకోవాలి. అందుకే క్రిస్మస్ సెలవుల కన్నా మన సంక్రాంతి సెలవులే మేలని నా అభిప్రాయం. అప్పటికి పండుగ రద్దీ తగ్గుతుంది, ధరలు దిగుతాయి, పగలు కొద్దిగా సాగుతుంది.

ఆ పగటి గురించే అన్నిటికన్నా ముందు ఆలోచించాలి. డిసెంబరు చివర డబ్లిన్‌లో ఉదయం ఎనిమిదిన్నర దాటాక తెల్లవారుతుంది, సాయంత్రం నాలుగు దాటగానే పొద్దుగూకుతుంది. ఏడున్నర గంటలే పగలు. అదే రోజు హైదరాబాదులో పదకొండు గంటల వెలుతురు ఉంటుంది. జనవరి మధ్యకు వచ్చినా అక్కడ ఎనిమిది గంటలే. మబ్బు కమ్మితే మూడింటికే దీపాలు వేస్తారు.

మనవాళ్లు చేసే పెద్ద పొరపాటు ఇక్కడే. డబ్లిన్‌లో ఒకే గది తీసుకుని, అక్కడి నుంచే పడమటి తీరంలోని మోహర్ కొండచరియలకు ఒక్క రోజులో వెళ్లి రావాలనుకుంటారు. వేసవిలో అది కుదురుతుంది. చలికాలంలో మూడు గంటలకు పైగా పట్టే ఆ దారి, వెళ్లేటప్పుడూ వచ్చేటప్పుడూ చాలా దూరం చీకట్లోనే సాగుతుంది. ఆ చీకట్లో పచ్చిక, రాతి గోడలు, గొర్రెల మందలు ఏవీ కనబడవు. డబ్లిన్ నుంచి పడమటి తీరంలోని గాల్వే నగరానికి రైలు రెండున్నర గంటలు. అక్కడ రెండు మూడు రాత్రులు ఉంటే ఏ రోజు వాన తెరిపిస్తే ఆ రోజు కొండచరియలకు వెళ్లవచ్చు. 214 మీటర్ల ఎత్తు నుంచి అట్లాంటిక్‌ను చూడడానికి ఆ వెసులుబాటు అవసరం. పొగమంచు పట్టిన రోజున అక్కడ తెల్లటి గోడ తప్ప మరేమీ ఉండదు. మేము రెండు రోజులు ఆగి, మూడో రోజు చూశాం. అమ్మ గంటసేపు కదలలేదు.

నైరుతి తీరం దగ్గరి రాతి దీవి స్కెల్లిగ్ మైకేల్ మీదకు వెళ్లాలని మాత్రం ఆశ పెట్టుకోకండి. పడవలు మనుషులను అక్కడ దింపేది మే మధ్య నుంచి సెప్టెంబరు వరకే. బదులుగా న్యూగ్రేంజ్ చూడండి. అయిదు వేల ఏళ్లు దాటిన ఆ సమాధిలోకి డిసెంబరు అయనాంతం (ఏడాదిలో అతి చిన్న పగలు) వేళ ఉదయపు ఎండ దూరి, దాదాపు 17 నిమిషాలు లోపలి గదిని వెలిగిస్తుంది. ఆ ఉదయాల్లో లోపల నిలబడే అవకాశం లాటరీలో వస్తుంది. మిగతా రోజుల్లో వెళ్లినవారికి ఆ వెలుగు ఎలా పడుతుందో దీపంతో చూపిస్తారు. టికెట్టు ముందే తీసుకోవాలి.

తుఫాను హెచ్చరికలను తేలికగా తీసుకోవద్దు. ఐర్లండ్ వాతావరణ శాఖ పసుపు, నారింజ, ఎరుపు రంగుల్లో హెచ్చరిస్తుంది. ఎరుపు అంటే గది దాటకూడదు. 2025 జనవరి 24న ఎయోవిన్ తుఫాను వచ్చినప్పుడు గాల్వే జిల్లాలోని మేస్ హెడ్‌లో గంటకు 183 కిలోమీటర్ల వేగంతో గాలి వీచింది. 7,68,000 ఇళ్లకు, దుకాణాలకు కరెంటు పోయింది. అలాంటిది రోజూ రాదు. అయినా పడమటి తీరం నుంచి వచ్చిన మర్నాడే తిరుగు విమానం పెట్టుకోకండి. మధ్యలో ఒక రోజు డబ్లిన్‌లో ఉంచుకోండి. వాన పడినా అక్కడి జాతీయ మ్యూజియం, జాతీయ చిత్రశాల, చెస్టర్ బీటీ గ్రంథాలయం చూడవచ్చు. మూడింటికీ ప్రవేశ రుసుము లేదు.

బట్టల విషయంలో నేను చేసిన తప్పు చెబుతాను. నాన్నకు మందపాటి ఉన్ని స్వెటరు, మంకీ టోపీ కొన్నాను. హైదరాబాదు చలికి అవి చాలు. గాల్వేలో మొదటి సాయంత్రమే స్వెటరు తడిసి బరువెక్కింది. గదిలో అది ఆరడానికి రెండు రోజులు పట్టింది. ఆ రెండు రోజులూ ఆయన దగ్గుతూ మంచం మీదే ఉన్నారు. అక్కడి ఉష్ణోగ్రత మరీ భయపెట్టేది కాదు, సాధారణంగా రెండు నుంచి ఎనిమిది డిగ్రీల మధ్య ఉంటుంది. తడిసిన ఒంటికి గాలి తగిలినప్పుడే ప్రమాదం. కాబట్టి డబ్బంతా స్వెటర్ల మీద పెట్టకండి. నీరు లోపలికి రానివ్వని, టోపీ ఉన్న పై కోటు, నీరు చొరని బూట్లు ముందు కొనండి. లోపల పలచటి బట్టలు రెండు మూడు పొరలుగా వేసుకోవచ్చు. జీన్స్ తడిస్తే ఆరవు. గొడుగు ఆ గాలికి నిలవదు. మేజోళ్లు రోజుకు రెండు జతల లెక్కన పెట్టుకోండి.

గది తీసుకునే ముందు రెండు ప్రశ్నలు అడగండి: హీటరు రోజంతా వేస్తారా, బట్టలు ఆరబెట్టే వసతి ఉందా? కొన్ని చోట్ల హీటరు ఉదయం, సాయంత్రం కొన్ని గంటలే వేస్తారు. మన ప్లగ్గులు అక్కడి సాకెట్లలో పట్టవు, అడాప్టరు ఇక్కడే కొనండి.

వీసాలో మనవాళ్లకు తరచూ తికమక. ఐర్లండ్ యూరోపియన్ యూనియన్‌లో ఉన్నా, ఒకే వీసాతో చాలా యూరప్ దేశాలు తిరగనిచ్చే షెంగెన్‌లో లేదు, ఆ వీసా పనికిరాదు. ఐర్లండ్ వీసాకు ప్రయాణానికి మూడు నెలల ముందు నుంచి దరఖాస్తు చేయవచ్చు. ఇంకొక సంగతి: బెల్‌ఫాస్ట్ నగరం, జెయింట్స్ కాజ్‌వే అనే రాతి స్తంభాల తీరం ఉన్న ఉత్తర ఐర్లండ్ బ్రిటన్‌లో భాగం. సరిహద్దులో చెక్‌పోస్టు కనబడదు కాబట్టి బస్సెక్కి వెళ్లిపోవచ్చనుకోవడం తప్పు. బ్రిటన్ వీసా ఉండాలి, లేదా మీ వీసా బ్రిటిష్-ఐరిష్ వీసా పథకం కింద ఇచ్చినదై ఉండాలి. పథకం కిందిదైతే, వీసా ఇచ్చిన దేశంలోనే ముందు దిగాలి. యూరప్ విమానాశ్రయాల మీదుగా వెళ్తుంటే ట్రాన్సిట్ వీసా కావాలేమో చూసుకోండి. గల్ఫ్ మీదుగా వెళ్లడం మనకు సులువు.

పెట్టె సర్దేటప్పుడు అమ్మ కోడి పచ్చడి, నెయ్యి, కోవా పెట్టబోయింది. మాంసం, పాల పదార్థాలు బయటి దేశాల నుంచి తీసుకురావడం యూరోపియన్ యూనియన్ నిషేధించింది. పచ్చి కరివేపాకుకు కూడా మొక్కల ఆరోగ్య ధ్రువపత్రం ఉండాలి. కందిపొడి, కారప్పొడి పెట్టుకున్నాం. వేడి అన్నంలోకి వాటి విలువ ఆ ముసురులోనే తెలిసింది.

బీపీ, షుగరు మాత్రలు డాక్టరు చీటీతో సహా చేతి సంచిలోనే ఉండాలి. ప్రయాణ బీమా తీసుకునేటప్పుడు పెద్దవాళ్ల పాత జబ్బులు దాచకండి, దాస్తే క్లెయిము తిరస్కరిస్తారు. అత్యవసరానికి 112 లేదా 999.

కారు నడపాలనుకునేవారికి అక్కడా మనలాగే ఎడమవైపే. అద్దె సంస్థలు అడగవచ్చు కాబట్టి ఆర్టీఏ కార్యాలయంలో ఇంటర్నేషనల్ పర్మిట్ తీసుకుని వెళ్లండి. పల్లె దారులు ఇరుకు, రాతి గోడలు రోడ్డును ఆనుకుని ఉంటాయి, తెల్లవారుజామున కంటికి కనబడని మంచు పొర ఉంటుంది. తొమ్మిదిన్నర తర్వాతే బయలుదేరి, నాలుగింటికల్లా బస చేరుకునేలా చూసుకోండి.