ఫోర్కు, కత్తి, కారం దోసె: బయటి దేశం పోయే మన కడపోళ్ళకి

మా పిన్ని కొడుకు సెప్టెంబర్ ఇన్‌టేక్‌కి ఇంగ్లండ్ పోతున్నాడు. బ్యాగు వెయిట్ ఎంత, కుక్కర్ తీసుకుపోవాల్నా వద్దా, అన్నీ అడిగినాడు గానీ ఫార్మల్ డిన్నర్‌లో ఎట్ల తినాలన్నా అని మాత్రం అడగలేదు. అప్పట్లో నేనూ ఎవురినీ అడగలే. పోయిన రెండో నెలకే ఆఫీసోళ్ళు క్రిస్మస్ డిన్నర్‌కి పిలిచినారు, పోయి కూచుంటే ఎడమపక్క రెండు ఫోర్కులు, కుడిపక్క రెండు కత్తులు, గుండ్రటి స్పూను, ప్లేటుకి పైన అడ్డంగా ఇంకో స్పూను, ఇంకో ఫోర్కు, ఆ సామాను చూసి నన్ను తినేదానికి పిలిచినారా ఏదైనా రిపేరు చేసేదానికి పిలిచినారా అనుకున్నా.

విషయం చిన్నదే. బయట నుంచి లోపలికి రావాల, అంతే. వాళ్ళు వడ్డించే వరసలోనే సర్దిపెట్టి ఉంటారు, సూప్ ముందొస్తే కుడి చివర ఉండే గుండ్రటి స్పూను, స్టార్టర్‌కి బయటి జత, మెయిన్‌కి లోపలి జత, ప్లేటు పైన ఉండేవి స్వీటుకి. పొరపాటున వేరేది తీసినా కొంపలేం మునగవు, ఇంకోటి తెచ్చిస్తారు. కింద పడితే మాత్రం వంగి ఏరుకోవద్దు, కొత్తది అడగండి.

రౌండ్ టేబుల్‌లో పక్కోని బ్రెడ్డు తినేసే ప్రమాదం ఉంటుంది. ఎడమపక్క చిన్న ప్లేటు మనది, కుడిపక్క గ్లాసులు మనవి. బ్రెడ్డు కత్తితో కోయొద్దు, చేత్తోనే తుంచి, తుంచిన ముక్కకే వెన్న రాసుకోవాల, రొట్టె తుంచేది మనకి ఒకరు నేర్పాల్నా?

అసలు కష్టం ఎడమచెయ్యి. సంగటి ముద్ద కుడిచేత్తో తప్ప ముట్టని మనకి అక్కడ కత్తి కుడిచేతిలో, ఫోర్కు ఎడమచేతిలో, నోట్లోకి పోయేది ఎడమచేత్తోనే. మొత్తం ముందే ముక్కలు చేసి పెట్టుకోకుండా ఒక్కో ముక్క కోసుకుంటూ తినాల. అమెరికా పోయేవాళ్ళకి కొంచెం సుఖం, అక్కడ చాలామంది కోసినాక కత్తి పక్కన పెట్టి ఫోర్కు కుడిచేతిలోకి మార్చుకుంటారు.

ఇంకోటి, ఇది నేను ఆకలితో నేర్చుకున్న పాఠం. మన దగ్గర ఆకు మడిస్తే భోజనం అయిపోయినట్లే కదా, వాళ్ళకి ఫోర్కు కత్తి పక్కపక్కన చేరిస్తే అయిపోయినట్లు. నాకేం తెలుసు, నీళ్ళు తాగుదామని రెండూ నీట్‌గా పక్కపక్కన పెట్టినా, గ్లాసు దించేలోపల సగం చికెన్‌తో సహా ప్లేటు పోయింది. అడిగేదానికి సిగ్గు, రాత్రి పన్నెండుకి రూముకొచ్చి అన్నం వండుకుని చెనిక్కాయల పొడితో తిన్నా. మధ్యలో ఆపితే గడియారంలో 8:20 అయినప్పుడు ముళ్ళు ఉన్నట్లు విడివిడిగా పెట్టండి, అయిపోతే 6:30 మాదిరి రెండూ కలిపి.

మిగతావి గబగబా చెప్తా. నాప్‌కిన్ ఒళ్ళో పరుచుకోవాల. సూప్ స్పూను మన వైపు కాకుండా అవతలికి తోస్తూ ముంచాల, రసం జుర్రినట్లు జుర్రొద్దు. పంక్తిలో అందరికీ వడ్డించేదాకా ఆగుతామే, అక్కడా అంతే. త్రేన్పు మాత్రం ఎట్లయినా మింగేయండి. బీఫ్, పోర్క్ తినకపోతే పిలిచినప్పుడే రాసి పంపండి, ప్లేటు ముందరికొచ్చినాక చెప్తే వాళ్ళకీ ఇబ్బంది. మందు తాగనోళ్ళు చీర్స్‌కి నీళ్ళ గ్లాసు ఎత్తినా ఏమనుకోరు.

ప్రాక్టీసుకి మన కారం దోసె బెస్టు. ఎర్రకారం, పప్పుల పొడి కింద రాలకుండా దోసె కోసుకుని తినగలిగితే అక్కడ ఏదైనా తినగలరు. మావోడికి నిన్నటి నుంచి అదే ట్రైనింగ్. మొదటి ముక్క ఎగిరి బొంబాయి చట్నీలో పడింది. రెండోది నోటి దాకా పోయింది గానీ వాళ్ళమ్మ వంటింట్లోంచి చూసి "ఏందిరా ఆ ఎడమచెయ్యి?" అని అరిచేసరికి ఫోర్కు అట్లే వదిలేసి కుడిచేత్తో మొదలుపెట్టినాడు.