జర్మన్ పాత నాణేలు: డాలు మీది గీతలు చదివి, అంచు చూసి కొనడం

రాజచిహ్నాల మీద ఇష్టంతో జర్మన్ నాణేల్లోకి దిగేవాళ్లు సాధారణంగా తప్పు అరలో మొదలుపెడతారు. 1871 నుంచి 1918 దాకా నడిచిన కైజర్ల కాలపు వెండి మార్కులు తేలిగ్గా దొరుకుతాయి కాబట్టి వరసపెట్టి కొంటారు. పదో నాణెం చేతికొచ్చాక గానీ తెలియదు, అన్నిటి బొరుసూ ఒకటేనని. బొమ్మ వైపు బవేరియా రాజున్నా, సాక్సనీ రాజున్నా, వెనక సామ్రాజ్యపు గద్దే. దాని రొమ్ము మీద ప్రష్యా గద్ద, ఆ ప్రష్యా గద్ద రొమ్ము మీద ప్రష్యాను ఏలిన హోహెన్‌త్సోలెర్న్ వంశపు బుల్లి డాలు. బవేరియా వాళ్ల నీలం తెలుపు పలకలు వాళ్ల మార్కు నాణెం మీద వెతికినా కనపడవు.

చిహ్నాలే కావాలంటే దారులు రెండున్నాయి. ఒకటి, రాజులు లేని మూడు స్వతంత్ర నగరాలు: హాంబుర్గ్, బ్రేమెన్, లూబెక్. తల ముద్రించడానికి రాజు లేడు కాబట్టి బొమ్మ వైపు నగర చిహ్నమే వేశారు. రెండు, 1871కి ముందు రాజ్యాలు విడివిడిగా కొట్టుకున్న టాలర్లు అనే పెద్ద వెండి నాణేలు.

మొదటి కొనుగోలుకు హాంబుర్గ్ 3 మార్కుల నాణెం సరిపోతుంది. 1908 నుంచి 1914 వరకు కొట్టారు, కొరత లేదు. మూడు బురుజుల కోట, డాలుకు అటూ ఇటూ సింహాలు, పైన శిరస్త్రాణం. బ్రేమెన్ డాలులో వాలుగా ఒక తాళంచెవి ఉంటుంది. కానీ బ్రేమెన్ వెండి 1904లో 2 మార్కులు, 1906లో 5 మార్కులు మాత్రమే వచ్చింది, ధర హాంబుర్గ్ కంటే బాగా ఎక్కువ. లూబెక్‌ది రెండు తలల గద్ద. విజయనగరపు అచ్యుతరాయల నాణేల మీది గండభేరుండం చూసిన కళ్లకు ఇది చుట్టంలా అనిపిస్తుంది గానీ సంబంధం లేదు. ఇది పవిత్ర రోమన్ సామ్రాజ్యపు గద్ద. రాజు కింద కాకుండా నేరుగా చక్రవర్తి కింద ఉన్న నగరమని చెప్పుకునే గుర్తు.

టాలర్లలో 1857 నుంచి 1871 వరకు వచ్చిన ఫెరైన్‌స్‌టాలర్లతో మొదలుపెట్టండి. వీటి మీద రోమన్ అంకెల్లో ముప్పై, పక్కన ‘ఐన్ ఫుండ్ ఫైన్’ అని ఉంటుంది. ఒక పౌను, అంటే 500 గ్రాముల మేలిమి వెండికి ముప్పై నాణేలని లెక్క. 1866లో ప్రష్యా కలిపేసుకోకముందు ఫ్రాంక్‌ఫర్ట్ కొట్టిన టాలర్ అందంగానూ ఉంటుంది, సులువుగానూ దొరుకుతుంది. ఒకవైపు నగరం స్త్రీ రూపంలో, మరోవైపు కిరీటం పెట్టిన గద్ద.

ఇక డాలు చదవడం. లోహం మీద రంగు వేయలేరు. అందుకే 17వ శతాబ్దం నుంచి రంగులను గీతలతో చూపే పద్ధతి స్థిరపడింది. చుక్కలుంటే బంగారు రంగు, ఖాళీగా వదిలేస్తే వెండి. నిలువు గీతలు ఎరుపు, అడ్డగీతలు నీలం. నిలువూ అడ్డమూ కలిసి గళ్లుగా ఉంటే నలుపు. మనకు ఎడమ పైమూల నుంచి కుడి కిందికి వాలితే ఆకుపచ్చ. ఇందులో ఒక తిరకాసుంది. చిహ్నాల భాషలో కుడి, ఎడమలు డాలు పట్టుకున్నవాడివి, చూసేవాడివి కావు. కేటలాగులో ‘కుడివైపు సింహం’ అని రాస్తే నాణెం మీద మీ ఎడమవైపు చూడాలి.

సాక్సనీ టాలర్ మీది డాలు తీసుకుని పదింతల భూతద్దం కింద పెట్టండి. పది అడ్డపట్టీలు, నలుపు ఒకటి బంగారం ఒకటి, అంటే గళ్లు, చుక్కలు మార్చి మార్చి. వాటి మీదుగా ఏటవాలుగా ఆకుల వంకీ. నాణెం అరిగేకొద్దీ ముందు పోయేవి ఈ చుక్కలే, తర్వాత గళ్లు, చివరికి పట్టీల హద్దులు. కాబట్టి డాలు రాజ్యం పేరుతో పాటు నాణెం స్థితిని కూడా చెబుతుంది. అమ్మేవాడు ‘ఫోర్‌త్సూగ్లిష్’ అని రాశాడు, డాలులో చుక్కలు చదునైపోయాయి అంటే అది నిజానికి ‘జేర్ షేన్’, ఒక మెట్టు కింద. జర్మన్ మెట్లు పైనుంచి ఇవి: స్టెంపెల్‌గ్లాంట్స్, ఫోర్‌త్సూగ్లిష్, జేర్ షేన్, షేన్. చివరి మాటకు అర్థం ‘అందమైనది’, కానీ ఆ మెట్టు నాణెం బాగా అరిగిపోయినది. పేరు చూసి మోసపోవద్దు.

కైజర్ నాణేల మీది గద్దను కూడా తేదీ పరీక్షకు వాడుకోవచ్చు. 1889 వరకు చిన్న గద్ద, పెద్ద డాలు. 1890 నుంచి పెద్ద గద్ద, రొమ్ము మీద చిన్న డాలు. 1876 తేదీతో పెద్ద గద్ద కనిపిస్తే ఇక తూకం వేయనక్కర్లేదు, నకిలీ. రాజు బొమ్మ కింద ఉండే టంకశాల అక్షరం కూడా కాలంతో పొసగాలి. ఎ బెర్లిన్, డి మ్యూనిక్, ఎఫ్ స్టుట్‌గార్ట్, జి కార్ల్స్‌రూహె, జె హాంబుర్గ్. ఇ మొదట డ్రెస్డెన్, తర్వాత ముల్డెన్‌హ్యుట్టెన్. బి (హానోవర్), సి (ఫ్రాంక్‌ఫర్ట్), హెచ్ (డార్మ్‌స్టాట్) మూడూ 1880ల మొదట్లోకే మూతపడ్డాయి. 1900 తర్వాతి సామ్రాజ్య నాణెం మీద వీటిలో ఏదున్నా అనుమానించాలి.

తూకానికి 0.01 గ్రాము చూపే ఎలక్ట్రానిక్ త్రాసు, కొలతకు కాలిపర్ కావాలి. కైజర్ వెండి 900 మేలిమి, అంటే వెయ్యి పాళ్లలో 900 పాళ్లు వెండి. 5 మార్కులు 27.78 గ్రాములు, 38 మిల్లీమీటర్లు. 3 మార్కులు 16.67 గ్రాములు, 33 మిల్లీమీటర్లు. 2 మార్కులు 11.11 గ్రాములు, 28 మిల్లీమీటర్లు, మన పాత విక్టోరియా రూపాయి కంటే కాస్త చిన్నది. మార్కుకు 5 గ్రాముల మేలిమి వెండి అని గుర్తుపెట్టుకుంటే లెక్క మర్చిపోరు. ఫెరైన్‌స్‌టాలర్ కూడా 33 మిల్లీమీటర్లే, కానీ 18.52 గ్రాములు తూగుతుంది.

బరువు, కొలత రెండూ కుదిరినా లోహం వేరే కావచ్చు. గీటురాయి మీద గీయొద్దు, నాణెం విలువ అక్కడితో పోతుంది. నీళ్ల పరీక్ష చాలు. త్రాసు మీద సగం నీళ్లున్న గాజు గ్లాసు పెట్టి సున్నాకు తెచ్చుకోండి. నాణేన్ని సన్నటి దారంతో కట్టి, పూర్తిగా మునిగేలా, అడుగుకు గానీ గోడకు గానీ తగలకుండా వేలాడదీయండి. త్రాసు చూపిన అంకెతో నాణెం బరువును భాగిస్తే 10.3 దగ్గర రావాలి. 3 మార్కులకు త్రాసు 1.62 చూపాలి, 5 మార్కులకు 2.70. ఇత్తడి, రాగి-నికెల్ అయితే భాగఫలం తొమ్మిది లోపే ఉంటుంది. అడుగు తగిలితే అంకె ఒక్కసారిగా పెరుగుతుంది. బుడగలు అంటుకున్నా పెరుగుతుంది, అసలు నాణెం నకిలీలా కనిపిస్తుంది. ముందు నాణేన్ని నీళ్లలో రెండుసార్లు ముంచి తీస్తే బుడగలు పోతాయి.

3, 5 మార్కుల అంచు మీద ‘గాట్ మిట్ ఉన్స్’ అని చెక్కి ఉంటుంది, దేవుడు మాతో ఉన్నాడని. 2 మార్కులది పళ్ల అంచు. అక్షరాలు తలకిందులుగా ఉన్నా తప్పు కాదు, అంచు రాత ఎటువైపైనా పడుతుంది. అక్షరాలు మెత్తగా కరిగినట్టున్నా, అంచు మధ్యలో సన్నటి అతుకు గీత ఉన్నా పోతపోసిన నకిలీ. నాణేన్ని గడియారం అనుకుని పన్నెండు గంటల చోట ప్రత్యేకంగా చూడండి. మన కాసులపేరులాగే బవేరియాలో మగవాళ్లు తోలు లాగుకు నాణేల గొలుసు వేలాడదీసుకునేవారు, దానికోసం కొక్కేలు అతికించారు. కొక్కెం తీసేసినా అక్కడ అంచు రాత చెదిరి ఉంటుంది. జాబితాల్లో ‘హెంకెల్‌ష్పూర్’ అనే మాట దీనికే. అది కనిపిస్తే ధర బాగా తగ్గించి అడగాలి.

చవకగా దొరికితే భయపడాల్సిన నాణెం ఒకటుంది. 1917 సాక్సనీ 3 మార్కులు, ఫ్రీడ్రిష్ ద వైజ్ బొమ్మ, రిఫర్మేషన్ అనే క్రైస్తవ మత సంస్కరణకు 400వ ఏడు గుర్తుగా కొట్టింది, జర్మన్ నాణేల యేగర్ కేటలాగులో 141వ నంబరు. కొట్టిందే 100. వారపు సంతలో కనపడేవన్నీ నకళ్లే అనుకోండి. దీనికి ఎదురు కొస 1888 నాటి కైజర్ మూడో ఫ్రీడ్రిష్ నాణెం. ఆయన 99 రోజులే ఏలాడు, జనం జ్ఞాపకంగా దాచుకున్నారు, అందుకే మంచి స్థితిలో ఇప్పటికీ దొరుకుతుంది. ఏలుబడి తక్కువ కాబట్టి అరుదని ఎవరైనా చెబితే నమ్మొద్దు.

ఇంటికి తెచ్చాక కుంకుమభరిణె తోమినట్టు విబూదితోనో చింతపండుతోనో తోమకండి. నల్లబడిన పొర గంధకం వల్ల వచ్చింది, దాన్ని అలాగే ఉంచాలి. తోమితే మెరుపు వస్తుంది, ముద్ర పడినప్పటి సహజమైన మెరుపు పోతుంది, డాలులో గీతలు కూడా కొంత పోతాయి. ఆకుపచ్చ జిగురుంటే అది మెత్తటి పీవీసీ కవరు వదిలింది. స్వచ్ఛమైన ఎసిటోన్‌లో, గాజు గిన్నెలో పది నిమిషాలు నానబెట్టి, రుద్దకుండా తీసి, డిస్టిల్డ్ వాటర్‌లో ముంచి, మెత్తటి గుడ్డతో అద్దండి. గోళ్ల రంగు తుడిచే ద్రవంలో నూనెలు, సువాసనలు కలుపుతారు, అది పనికిరాదు. దగ్గర్లో మంట ఉండకూడదు.

కొలతకు సరిపోయే గట్టి ప్లాస్టిక్ డబ్బీలు 38, 33, 28 మిల్లీమీటర్లలో దొరుకుతాయి. విశాఖ, కాకినాడ లాంటి ఉప్పుగాలి ఊళ్లలో డబ్బీల పెట్టెలో సిలికా జెల్ వేసి, వానాకాలంలో నెలకోసారి మార్చాలి.

జర్మనీలో ఉంటూ సెలవులకు ఇంటికి తెచ్చుకునేవాళ్లకు ఒక మాట. 1972 నాటి భారత చట్టం నూరేళ్లు దాటిన నాణేన్ని పురావస్తువుగా చూస్తుంది, దాన్ని దేశం దాటించే హక్కు వ్యక్తులకు ఇవ్వదు. అక్కడే మళ్లీ అమ్మాలనుకునే నాణేన్ని అక్కడే ఉంచండి.